సీసాలో నీలం

కావలి కోర్టు వరండాలో
ఇట్టా కూర్చోవడం ఏడోసారి.
బంట్రోతు మూడు కేకలేసి
నేను ఎదురుగా లేచి నిలబడ్డాక నాలుగోది కూడా వేశాడు:
"మూడో సాక్షి, పామంజి తిరుపాలూ!"
ఊళ్ళో ఎవరికీ నా ఇంటిపేరు తెలవదు.
పంచర్ల తిరుపాలంటే చాలు.

ఆ మధ్యాన్నం తుమ్మలపెంట రోడ్డు మీద
ట్యూబు నీళ్ళలో ముంచి
బుడగ యాడ లేస్తాదా అని చూస్తా ఉండా.
జీపు ఆగింది.
"చదువొచ్చా?" అన్నాడు సప్లయిస్ డీటీ.
"సంతకం వస్తాది సార్."
"అది చాల్లే, ఎక్కు."

మాలకొండయ్య కొట్టు వెనక
ఉప్పు మూటల చాటున మూడు పీపాలు,
రెండు నిండువి, ఒకటి వెలితిది.
వెదురు పుల్ల దించి, తడి గుర్తు చూసి
నాలుగు వందల డెబ్బై లీటర్లని రాయించాడు.
ఆ లెక్కలోకి రాని రెండు లీటర్లు
నా బంకులో, అతుకులు కాల్చే స్టవ్వు పక్కన ఉండాయి.
పొద్దున్నే తెచ్చుకున్నా.
వాళ్ళు అడగలా. నేను చెప్పలా.

"లైసెన్సు యాడ?"
మాలకొండయ్య గోడ వంక చూశాడు.
తూనికల వాళ్ళ ముద్ర కాయితం ఉంది,
పంచాయతీ పన్ను రసీదుంది,
మాలకొండ నరసింహస్వామి పటం ఉంది.
వాటిల్లో ఏదో ఒకటి
కాసేపటికి లైసెన్సు అవుతాదేమో అన్నట్టు
అట్టానే చూస్తా నిలబడ్డాడు.

కాటంగారి పోలమ్మ చేతిలో కొలత డబ్బా ఇంకా కారతా ఉంది.
"నేను పోసేదాన్నే గానీ అమ్మేదాన్ని కాదయ్యా" అంది.
ఆ మాటే రాసుకొని
ఆమెను రెండో ముద్దాయిని చేశారు.
ఇంటి ముందు ఆమె మొగుడి పడవ
మోటారు పైకెత్తుకొని
వారం బట్టీ ఇసకలోనే ఉండాది.

పీపాల మీద సున్నంతో వేసిన అంకెలు
ఎవరి చేతిరాతో ఊరంతటికీ తెలుసు.
తొమ్మిదికి తోక వంకరగా తిప్పేది
చౌక డిపో డీలరొక్కడే.
ఆయన ఈ కేసులో మొదటి సాక్షి.
ఈ పూట ఇస్త్రీ చొక్కాతో వచ్చి
నాకంటే ముందే చెప్పేసి, బస్సెక్కి పోయాడు.

బోనులో నా ముందు ఒక సీసా పెట్టారు.
మూతికి లక్క, మెడకు దారం,
దారానికి నా సంతకం చీటీ.
చెదలు తినంగా 'పాలు' మిగిలింది.
"ఇది నీలి కిరసనాయిలేనా?"
కిటికీ వైపుకి ఎత్తి చూశా.
ఐదేళ్ళు బీరువాలో ఉండి
గంజి తేటలాగా అయిపోయింది.
"అప్పుడు నీలమే సార్."
"ఇప్పుడో?"
"వాసన చూస్తే చెప్తా."
లక్క పగలగొట్టేదానికి వీల్లేదన్నారు.

ముద్దాయిల లాయరు లేచాడు.
"పంచర్లేసుకునే వాడివి,
ఈ వాసన నీకెట్టా తెలుసు?"
"ఆ పొద్దున రెండు లీటర్లు తెచ్చుకున్నా గదా సార్,
ఆ పీపాలోదే."

టైపు మిషను ఆగింది.
జడ్జి గారు కళ్ళజోడు తీసి
అడిగినదానికి మాత్రమే చెప్పమన్నారు.
మిషను మళ్ళీ మొదలైంది,
నా రెండు లీటర్లను దాటుకొని.

వాయిదా ఇరవై రెండుకి పడింది.
బయట మునగచెట్టు కింద మాలకొండయ్య
ఎవరితోనూ మాట్లాడకుండా టీ ఊదుకుంటా ఉన్నాడు.
పోలమ్మ నా దగ్గరికొచ్చింది.
తిడతాదనుకున్నా.
"ఆ పొద్దున అరువు పెట్టి పోయావే,
రెండు లీటర్లది,
అదింకా బాకీ తిరుపాలూ" అంది.

జేబులో బస్సు చార్జీ పోను
ముప్పై ఐదు ఉండాయి.
ఆమె అరచెయ్యి చాపింది.
వేళ్ళ సందుల్లో ఇంకా ఆ వాసనే.